ముసలామె, ఉప్పల్ చౌరస్తా, టీవీవాళ్లు

మెట్రో రైలు మా ఉప్పల్ మీదుగా కొత్తగా తిరుగుతున్న రోజులవి. పిల్లర్ల కింద ఆగి, నోరు తెరుచుకుని, తల పైకెత్తి రైలును చూసేవాళ్లు అప్పటికింకా ఉండేవాళ్లు. ఆ రోజుల్లో నాచారంలో ఒక అమ్మాయి ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేస్తోందనడానికి ఒకటే రుజువు, మెడలో వేలాడే ట్యాగు. ట్యాగు ఉంటే సాఫ్ట్‌వేరు, లేకపోతే ఏదో ట్యూషన్లు చెప్పుకుంటుందని లెక్క. నాకు ట్యాగు లేదు. నాచారంలో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో, కింది నుంచి వచ్చే దోసె వాసన పీల్చుకుంటూ, ఫోన్లో ఆడుకునే వీడియో గేములు తయారుచేసే ఒక బుల్లి కంపెనీలో పనిచేసేదాన్ని. (బుల్లి అంటే మరీ బుల్లి. ఎవరికైనా జలుబు చేస్తే కంపెనీ మొత్తానికీ చేసేది.) ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. కూర్చుంటే కుడికాలు దానంతటదే ఊగుతూ ఉంటుంది. "కాలు ఊపకే, ఇంట్ల లచ్చిమి నిలువది" అని అమ్మ తిట్టని రోజు లేదు. అలాంటి దాన్ని రెండేళ్లపాటు ఒకే కుర్చీలో కట్టిపడేసిందంటే ఆ పనిలో ఏదో మహిమ ఉండి ఉండాలి.

మా నాయినకు మాత్రం ఆ మహిమ కనిపించలేదు. ఆయన జనగామ దిక్కు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో మిషన్ నడిపే మనిషి. "నా బిడ్డ గేములు తయారుజేస్తది" అని ఓసారి షిఫ్టులో గర్వంగానే చెప్పాడట. "ఏంది, క్యారం బోర్డులా?" అని అడిగారట తోటివాళ్లు. ఇక బతుకమ్మ దగ్గర అమ్మ పరిస్థితి ఇంకా అన్యాయం. "గేమింగ్ కంపెనీ" అని అమ్మ ముద్దుగా ఇంగ్లీషులో చెప్పింది. ఆ ఏడాది పేపర్లనిండా ఆన్‌లైన్ పేకాటలో మునిగినవాళ్ల కథలే. వాటన్నిటికీ పెట్టిన పేరు కూడా గేమింగే. దాంతో బతుకమ్మ చుట్టూ తిరుగుతూనే ఒకామె, "అయితే మీ బిడ్డ పేకాట ఆడిపిస్తదన్నట్టు" అని మెల్లగా తేల్చేసింది. అమ్మ పాట మధ్యలో ఆపేసి ఇంటికొచ్చింది. ఆ రాత్రి నాయిన నాకు గడువు పెట్టాడు. "వచ్చే యేడు దసరా దాక సూస్త బిడ్డా. గంతల నలుగురికి జెప్పుకునేటట్టు ఏమన్నైతే సరే. లేకుంటే మా సూపర్‌వైజర్ సారు అల్లుడు ఇంటర్వ్యూ ఇప్పిస్తడంట, ఆడ చేరాలె." నాకేమో మా ఆట పూర్తి చెయ్యడం తప్ప లోకంలో ఇంకో కోరిక లేదు. కాలు ఊగడం రెట్టింపయింది.

ఆ ఆట సంగతి చెప్పాలి. కూరగాయల సంచి పట్టుకున్న ఒక ముసలామె ఉప్పల్ చౌరస్తాలో ఈ పక్క నుంచి ఆ పక్కకు రోడ్డు దాటాలి. అంతే ఆట. వరంగల్ బస్సు ఆగినట్టే ఆగి కదులుతుంది. ఆటోలు రాంగ్ సైడులో వస్తాయి. ఒకడు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బండి నడుపుతూ వస్తాడు. దేనికైనా తగిలితే ముసలామె దబ్బున పడి, లేచి, బండివాణ్ణి చెడామడా తిట్టి మళ్లీ మొదటికొస్తుంది. ఈ పడి లేవడాన్ని మా వృత్తిలో 'చావడం' అంటారు. అందుకని మా ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ముసలామె సచ్చిందా?", "సచ్చిందన్నా, గని కొంచెం లేటుగ సస్తుంది", "తొందరగ సచ్చేటట్టు చెయ్" ఇవే మాటలు. (కింద టిఫిన్ సెంటర్ ఆయన చాలాకాలం మేము ఆస్తి తగాదాలో ఉన్న కుటుంబం అనుకున్నాడు.) మా ఓనరును అందరం లెవలన్న అని పిలిచేవాళ్లం, ప్రతిదానికీ "నెక్స్ట్ లెవల్" అనేవాడు కాబట్టి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆట సగం కూడా కాకముందే దాని రెండో భాగానికి దిల్‌సుఖ్‌నగర్ ఖాయం చేశాడు.

అలాంటి సమయంలో ఒక టీవీ చానెల్ విలేకరి మా మెట్లెక్కాడు. లోకల్ పిల్లలు సొంతంగా గేములు చేస్తున్నారని ఎవరో చెప్పారట. "మస్తు పాజిటివ్ స్టోరీ అక్కా" అన్నాడు. నాకు దేవుడే మైకు పట్టుకుని వచ్చినట్టయింది. దసరాకు ఇంకా రోజులున్నాయి, నాయిన నమ్మేది టీవీని ఒక్కదాన్నే. లెవలన్న అగరుబత్తి వెలిగించి, మానిటర్లు తుడిపించి, బిస్కెట్లు తెప్పించి, చివరి నిమిషంలో కెమెరా ముందు గొంతు పెగలక నన్ను ముందుకు తోశాడు. నేను ఆగుతానా? అరగంట మాట్లాడాను. ఆట ఎలా పుట్టింది, చౌరస్తా బొమ్మ కోసం ఎండలో నిలబడి ఎలా గీసుకున్నాం, రోడ్డు దాటడం మన ముసలోళ్లకు నిజంగా ఎంత కష్టం, అన్నీ చెప్పాను. విలేకరి ప్రతిదానికీ తల ఊపాడు. అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మెట్లు దిగి ఇంటికి నడుస్తూ దారిపొడుగునా అందరికీ ఫోన్లు చేసి, రేపు సాయంత్రం టీవీ పెట్టమని చెప్పాను.

మర్నాడు మేడిపల్లి నుంచి మేనత్త పిలవకపోయినా వచ్చేసింది, స్వీట్ల డబ్బాతో సహా. నాయిన షిఫ్టు మార్చుకుని, తలకు నూనె రాసుకుని, టీవీ ఎదురుగా కూర్చున్నాడు. నేను కూర్చోలేక వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతున్నాను. అప్పుడు తెరమీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి, "మీ పిల్లలు జాగ్రత్త!" వెనకాల ఇల్లు కూలుతున్నట్టు సంగీతం. చీకట్లో ఫోన్ పట్టుకున్న ఒక చెయ్యి. తర్వాత ఒక అమ్మాయి. మొహమంతా గళ్లు గళ్లుగా చెరిపేశారు, దొంగతనం చేసి దొరికినవాళ్లకు చేసినట్టు. గొంతు మాత్రం సాఫుగా వినిపిస్తోంది. "మొదట్ల ముసలామె లేటుగ సచ్చేది. గట్ల గాదని తొందరగ సచ్చేటట్టు జేసినం." కట్. "సచ్చినప్పుడే అసలు మజా." కట్. "ఒక్కసారి పట్టుకుంటె ఇగ ఎవ్వరు ఇడ్వరు!" ఈ ముక్కలన్నీ నేనన్నవే. కాకపోతే ప్రతి ముక్కకూ ముందొకటి, వెనకొకటి ఉండేది. ముసలామె లేచి తిడుతుందన్న మాట ఎటు పోయిందో తెలియదు.

మేనత్త స్వీటు నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "అయ్యో పాపం, ఎవ్వల పిల్లనో. ముసలోళ్లను సంపే ఆటనా? గీ పోరి డ్రెస్సు మన పిల్ల డ్రెస్సు తీరుగనే ఉన్నదేందే?" అంది. నాయిన ముందుకు వంగి, కళ్లు చికిలించి చూశాడు. "మొకం దాస్తె దాసిన్రు. మరి ఆ కాలు ఎవ్వల్ది?" అన్నాడు. తెరమీద గళ్ల మొహం కింద నా కుడికాలు టకటకా ఊగుతోంది. ఇక దాచేందుకేముంది. ఆ తర్వాత మా ఆటను ఎన్నడూ చూడని ఒక పెద్దాయన తెరమీదికొచ్చి, ఇలాంటివి చేసేవాళ్ల మనస్తత్వం ఎలా ఉంటుందో సావకాశంగా వివరించాడు. విరామం ఇచ్చారు. విరామంలో వచ్చిన మొదటి ప్రకటన ఆన్‌లైన్ పేకాటది. ఆడండి, గెలవండి, ఇంటిల్లిపాదీ నవ్వండి అని ఒకాయన కోటు వేసుకుని పిలుస్తున్నాడు. "సూడు నాయినా, సూడు! వాళ్లకు గళ్లు లెవ్వు, నాకున్నయ్!" అని అరిచాను. నాయిన టీవీ కట్టేశాడు. మేనత్త మిగిలిన స్వీట్ల డబ్బాకు మూత పెట్టి తన సంచిలోనే వేసుకుంది.

దసరా ముందువారం నన్ను ఇంటర్వ్యూకి పంపారు. ఊరికి ఆ చివర, అద్దాల మేడ. నాచారం నుంచి బయల్దేరి అక్కడికి చేరేలోపు చెయ్యి పట్టుకునే కమ్మీ మారుస్తూ, తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతూ, మెట్రోలో పక్కవాళ్లందరికీ చిరాకు తెప్పించాను. లోపల బ్లేజరు వేసుకున్న ఒక సారు నా కాగితం చూసి, "ఈ టూ ఇయర్స్ గ్యాప్ ఎందుకొచ్చింది?" అని అడిగాడు. గ్యాప్ కాదు సార్, పనిచేశాను అన్నాను. "అదే, గేమ్స్ కదా. సీరియస్ వర్క్ ఏమన్నా చేశారా అని" అన్నాడు, నొప్పించకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు. వర్షం పడితే ముసలామె చెప్పు జారేలా చెయ్యడానికి నేను పడ్డ పాట్లు చెప్పబోయాను. ఆయన వినకుండా తన ఫోన్ నా ముందు పెట్టాడు. వాళ్ల ఉద్యోగులు రోజూ పని గంటలు నింపితే తెరమీద చుక్కలు రాలతాయట, చుక్కలు పోగైతే ఒక బంగారు కప్పు వస్తుందట. "దీన్ని గేమిఫికేషన్ అంటారు. మా ఇన్నొవేషన్. ఎప్పుడైనా విన్నారా?" అన్నాడు. ఒకసారి నొక్కబోయాను. నా వేలు ఇంకా తగలకముందే చుక్క రాలిపోయింది. "సార్, చుక్క ముందే పడుతోంది" అన్నాను. నోరు ఊరుకోదు కదా. ఆయన ఫోన్ వెనక్కు తీసుకుని, నన్ను ఫ్రెషర్‌గా తీసుకుంటామనీ, ఆ రెండేళ్లూ కాగితంలో కనపడకుండా చూస్తే నాకే మంచిదనీ సలహా ఇచ్చాడు. ట్యాగు మాత్రం మొదటిరోజే ఇస్తారట.

ఇంటికొచ్చేసరికి నాయిన గడపలోనే నిలబడి ఉన్నాడు. వచ్చిందా అన్నాడు. వచ్చింది నాయినా అని, కొత్తగా చేరినట్టే చేరాలంట, ఆ రెండేండ్లు లెక్కకు రావంట, గ్యాప్ అంట అని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను కానీ గ్యాప్ అన్న మాట దగ్గర ఏడ్చేశాను. ఉద్యోగం వచ్చిందని ఆయన సంబరపడతాడనుకున్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "ఏంది? లెక్కకు రావా? రోజు పొద్దుగాల పోయినదానివి దీపాలు వెట్టినంక వస్తుంటివి గదనే. నన్ను పర్మనెంటు జేసిన్నాడు గూడ గిదే ముచ్చట జెప్పిన్రు. కాంట్రాక్టు కింద జేసిన ఏండ్లు సర్వీసుల కలువయ్ అన్నరు. మరి గన్నేండ్లు ఆ మిషిను ఎవడు నడిపిండు, దయ్యం నడిపిందా?" ఆ సంగతి మా నాయిన నోట వినడం నాకదే మొదటిసారి. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. కాసేపు అటూ ఇటూ తిరిగాడు (కుదురులేనితనం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది). తర్వాత మంచం మీద కూలబడి చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ ముసలామెను తియ్యి. అందరు సూసిన్రు, నేనే సూడలె."

ఫోన్ ఇచ్చాను. అడుగు పెట్టగానే బస్సు గుద్దింది. ముసలామె లేచి, "నీ బండి బొందల వడ! కండ్లు నెత్తికెక్కినయారా!" అని గయ్యిమంది. నాయిన ఫోన్ దూరంగా జరిపి చూసి, మెల్లగా తల తిప్పి అమ్మ వైపు చూశాడు. "ఇది నీ గొంతు గాదానే?" (ఒక ఆదివారం, ఆయన షిఫ్టులో ఉన్నప్పుడు, బయటి చప్పుడు పడకుండా దుప్పటి కప్పుకుని అమ్మ చెప్పిన తిట్లవి. ఒకటి చాలమ్మా అంటే ఆగకుండా పావుగంట తిట్టింది.) అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఊకె ఇంట్ల తిట్టుడేనా, జర నలుగురికి పనికొస్తదని..." అంది. ఇక నాయిన వదల్లేదు. అన్నం చల్లారిపోయింది. ఆటోవాళ్లను తిట్టాడు, బస్సువాణ్ణి తిట్టాడు, ఫోన్ మాట్లాడుతూ వచ్చేవాడి దగ్గర మాత్రం ముసలామె కంటే ముందే తిట్టాడు. మేడిపల్లిలో మేనత్త వాళ్లింటికి సైకిల్ మీద ఆ చౌరస్తా దాటే పోయే మనిషి కదా, ఏ సందులోంచి ఏది వస్తుందో ఆయనకు తెలుసు. సాయంత్రానికి ముసలామెను నడిరోడ్డు దాటించి, డివైడర్ ఎక్కించి, ఆవు వెనకాల నడిపించి, అవతలి ఒడ్డుకు చేర్చేశాడు. మా ఆఫీసులో కూడా ఎవరూ అంతదూరం చేర్చలేదు. ముసలామె సంచి పట్టుకుని అక్కడ నిలబడింది. నిలబడే ఉంది. నాయిన తెరను వేలితో తట్టాడు.

"ఇగ ఇప్పుడేంది?" అన్నాడు.

"గంతే నాయినా. ఆడికెల్లి ఇంక చెయ్యలె" అన్నాను.

"చెయ్యకపోతె ఎట్ల? గంత తిప్పలవడి దాటిందాయె, రోడ్డు మీదనే నిలవెడ్తరా ఆమెను? ఇంటికి పోవద్దా?" ఫోన్ నా చేతిలో పెట్టాడు. "పో మరి. పొయ్యి చెయ్యి."

అర్థం కావడానికి నాకో క్షణం పట్టింది. అప్పటికప్పుడు, విప్పిన జడ మళ్లీ సగమే అల్లి ఉన్నా, అమ్మ చెప్పులు తొడుక్కుని, నాచారం సందుల్లో టిఫిన్ సెంటర్ దాకా పరుగెత్తాను. లెవలన్న తాళం వేయబోతున్నాడు, వేయనివ్వలేదు. ముసలామె ఇంటికి పోయింది. మా కంపెనీ ఆ తర్వాత ఎక్కువకాలం నడవలేదు, ఆ ఆట ఇప్పటి ఫోన్లలో తెరుచుకోదు కూడా. నేనిప్పుడు ఒక అద్దాల మేడలోనే పనిచేస్తున్నాను, ట్యాగుంది, జీతముంది, అక్కడ అందరూ గేములే రాబోయే కాలమని ఉపన్యాసాలిస్తున్నారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. టీవీవాళ్లు వస్తే నా మొహం చక్కగా చూపిస్తారు, ఏది అనాలో ఏది అనకూడదో కూడా నేర్చుకున్నాను. అంతా బాగానే ఉంది. కానీ ఎవరు ఆడతారో తెలియని ఒక ఆటకు ముగింపు రాయడానికి, ఇంట్లో ఒక్క మనిషి అడిగాడని, రెండు సైజులు పెద్దవైన చెప్పులతో అలా పరుగెత్తిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వాక కొంచెం అసూయ కూడా వేస్తుంది.