మెత్తని ట్రిగ్గరు

ఈ రోజు తెల్లవారుజామున మా శనక్కాయ చేనులో అడవిపందులు పడ్డాయి. నాయన రైఫిలు రెండుసార్లు టక్కుమంది గాని పేలలేదు. తూటాలు చెమ్మగిల్లాయని నాయన తిట్టుకున్నాడు. నేను తీసి చూస్తే వాటి అడుగున, తుపాకి లోపల స్ప్రింగు తోసే సూది తగిలిన గుర్తు సరిగా పడనే లేదు.

"హిందూపురంలో కొత్త ట్రిగ్గరు ఏయించినప్పుడు స్ప్రింగు కూడా మార్పించినావా నాయనా?"

"మెత్తంగా ఉండాలని మార్పించినా. పాతదాన్ని లాగేకి నా యేలు వంగల్యా."

నాయన పాత స్ప్రింగు మళ్లీ వేసి, రెండు వేళ్లతో పళ్లు బిగబట్టి లాగితే పేలింది. తుపాకి నా చేతిలో పెట్టాడు.

"ఇంక కాపలా నీదేబ్బా. నీ కరపత్రాల్లో పందులకేమన్నా రాసింటే సదివి ఇనిపించు."

ఆయుధమే పట్టకూడదని పెనుకొండంతా కరపత్రాలు పంచి, వాదించి తిరిగినవాణ్ణి. నాయన వంగని వేలు చూశాక కోపం కూడా రాలేదు. చేను ఒదులుకోవాలా, మాట ఒదులుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?