తెగని పట్టీ వేరు, సాగని పట్టీ వేరు

“మామ్మగారూ, మీ పట్టీ మాకొద్దండి. తెల్లారేసరికి మా ఆయన నడుము నేల మీదుంది.”

“పట్టీ తెగిందా?”

“తెగలేదండి.”

“ముడి ఊడిందా?”

“అదీ ఊడలేదు. సాగిపోయింది.”

“మీ ఆయన తెగని పట్టీ కావాలన్నాడు. తెగనిదే ఇచ్చాను. తడిసిన సరుకు నేను వెనక్కి తీసుకోను.”

“అయితే పాము కరిచాక తీసుకుంటారా?”

ఆ మాటకి నేను చేతిలో కొలుస్తున్న తాడు కింద పెట్టాను. మార్తమ్మ పట్టీ చుట్టను నా బల్ల మీద వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. పట్టీ తడిగా ఉంది. వెనక్కిచ్చేటప్పుడు శుభ్రంగా ఉండాలని కడిగి తెచ్చిందనుకున్నాను. వాళ్లాయన ఏసోబు వాకిట్లో బండి మీద కూర్చుని, ఈ గొడవ ఎవరిదో అన్నట్టు బస్సుల్ని చూస్తున్నాడు.

ఇది ఈ యేడు మామిడి కాపు రోజుల్లో జరిగింది. తిరువూరు బస్టాండుకి వెళ్లే దారిలో మాది తాళ్ల కొట్టు. కొబ్బరి తాడు, నైలాన్ తాడు, నవారు, టార్పాలిన్, లారీల మీద సరుకు బిగించే బెల్టులు అమ్ముతాం. నేను చదివింది మూడో తరగతి. మా అత్తగారి దగ్గర తాడు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ కొట్లో గజం ముక్క మిగిలినా పారేయను, పారేయనివ్వను. ఇన్నేళ్లలో ఎన్నో బేరాలు చేశాను కానీ, ఈ పట్టీ సంగతి తేలిన రోజు పడ్డంత సంబరం నేనెప్పుడూ పడలేదు. అందుకే రాస్తున్నాను.

ఏసోబు రెడ్డిగూడెం వైపు రెండు మామిడి తోటలకి కాపలా ఉంటాడు. ఒక రాత్రి ఈ తోటలో పడుకుంటే మర్నాడు ఆ తోటలో. మంచం బండి మీద మోసుకుపోలేడు కదా, అందుకని రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల కొన్నాడు. హ్యామక్ అంటారట. మడిస్తే చేతి సంచిలో పడుతుంది. దాన్ని చెట్టుకి కట్టే పట్టీలు మాత్రం మా కొట్లో కొన్నాడు. పోయిన కాపులో పక్క తోట కాపలా మనిషి చాప మీద పడుకుంటే కట్లపాము కరిచింది. మనిషి దక్కాడు కానీ, ఆ రోజు నుంచీ మార్తమ్మకి నేల అంటే భయం. మొగుడి ఒళ్లు నేలకి తగిలే పడకైతే తోటకి పోనివ్వనని తేల్చేసింది. అటు తోట ఆసామి, రేపటికల్లా వస్తావో రావో చెప్పు, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడట. కాపు రోజుల కాపలా పోతే ఆ ఇంటికి ఆ యేడు నిలకడైన పని లేనట్టే.

ఇంత సంగతి విన్నాక కూడా నాకు పట్టీ మీద అనుమానం రాలేదు. అది నైలాన్ పట్టీ, మంచి నేత. కట్టడంలోనే ఏదో ఉందనుకున్నాను.

“ఒరే ఏసోబూ, ఇలా రా. ఆ ఉయ్యాల తెచ్చావా?”

“సంచిలో ఉందండి.”

“తోటలో ఎలా కడతావో అలాగే మా గోడౌన్లో కట్టు. నేను చూస్తాను.”

గోడౌన్ అంటే కొట్టు వెనక రేకుల గది. ఆ పట్టీలు వాకిట్లో ఎండకి ఆరాక, ఏసోబు వాటితోనే రెండు గుంజలకి ఉయ్యాల కట్టాడు. ముడి బాగానే వేశాడు. కానీ బట్టలారేసే తీగలాగా, రెండు చేతులా లాగి, బిర్రుగా బిగించాడు.

“అంత బిగించావేంట్రా?”

“వదులుగా కడితే కిందకి దిగిపోదాండీ?”

“పడుకో, చెప్తాను.”

నడుము కింద పీట వేయించాను. పడుకోగానే కొంచెం దిగాడు, పీటకి బెత్తెడు ఎత్తున ఆగాడు. రాత్రంతా నిద్ర లేదేమో, మనిషి అలాగే గుర్రు పెట్టేశాడు. మార్తమ్మ గడప మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది. నేను బేరాలు చూసుకుంటూ మధ్యమధ్య లోపలికి తొంగి చూస్తున్నాను. మధ్యాహ్నమైంది. ఏసోబు కిందకి దిగలేదు. పీటకీ నడుముకీ మధ్య ఇంకా చెయ్యి దూరుతోంది.

“చూశావా మార్తమ్మా? నా పట్టీ సాగలేదు.”

“మరి తోటలో ఎందుకు సాగిందండీ? తోటకి మీ పట్టీ అంటే కోపమా?”

నాకు తెలియని సంగతి నా కొట్లో సరుకులో ఉండటమేంటని పట్టుదల పుట్టింది. అన్నం పెట్టమంటావా అని మా కోడలు అడిగితే తర్వాత అన్నాను.

అప్పుడే ఏసోబు చెమటలు కక్కుతూ లేచాడు. రేకుల కింద వేడి మరి. మంచినీళ్లడిగాడు. చెంబిచ్చాను. సగం తాగాడు, మిగతా సగం చేత్తో ఉయ్యాల గుడ్డ మీదా, రెండు వైపులా పట్టీల మీదా చిలకరించి, మళ్లీ పడుకోబోయాడు.

“ఆగు. ఏం చేశావు ఇప్పుడు?”

“నీళ్లు కొట్టానండి. చల్లగా ఉంటుంది. పట్టీ కూడా బిగుస్తుంది కదా.”

“తోటలో కూడా ఇలాగే చేస్తావా?”

“రోజూ. బిందెడు తెచ్చి గుమ్మరిస్తాను. మా ఇంట్లో నవారు మంచానికి చిన్నప్పట్నుంచీ అలాగే కదండీ.”

నవారు అంటే మంచానికి అల్లే నూలు పట్టీ. వేసవిలో సాయంత్రం దాని మీద నీళ్లు చల్లితే చల్లగానూ ఉంటుంది, తడికి నూలు ఉబ్బి బిగుస్తుంది కూడా. మా వైపు ప్రతి ఇంట్లోనూ తెలిసిన పనే. నేనూ ఆ ముందు రోజు సాయంత్రం చల్లాను. కానీ నైలాన్ నూలు కాదు. నైలాన్ నీళ్లు తాగుతుంది, తాగి మెత్తబడి సాగుతుంది. తడి నైలాన్ తాడుతో బరువు లాగేటప్పుడు అది చేతిలో జీళ్ల పాకంలా వస్తుందని నాకు ఎప్పట్నుంచో తెలుసు. దానికీ ఉయ్యాలకీ ముడి వేసుకోలేదు, అంతే.

“బిందె తీసుకురావే,” అని కోడల్ని కేకేశాను. “పట్టీలు రెండూ బాగా తడుపు. ఒరే, నువ్వు పడుకో, ఈసారి నిద్రపోకు.”

ముగ్గురం పీట చుట్టూ గుంజిళ్లు తీసేవాళ్లలా కూర్చున్నాం. చెయ్యి దూరే సందు వేళ్లు దూరే సందైంది. కాసేపటికి వేళ్లూ దూరలేదు. ఇంకాసేపటికి ఏసోబు, “మామ్మగారూ, పీట తగులుతోందండి,” అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. బేరానికొచ్చిన ఒకాయన బయటి నుంచి లోపలికి తొంగి చూసి, ఈ ముసలావిడకేమైందన్నట్టు నిలబడిపోయాడు. నిలబడితే నిలబడనీ అనుకున్నాను.

ఇక ఏ పట్టీ ఇవ్వాలి? కొట్లో ఉన్నవన్నీ తీశాను. నవారు తడికి బిగుస్తుంది, నిజమే, కానీ ఆరగానే వదులవుతుంది, బయట తడుస్తూ ఎండుతూ ఉంటే పుచ్చిపోతుంది. కొబ్బరి తాడు చెట్టు బెరడు గీకేస్తుంది. ప్లాస్టిక్ తాడు తడికి ఏమీ కాదు కానీ, బరువు వేలాడుతూ ఉంటే కొద్దికొద్దిగా సాగి ఆ సాగింది సాగినట్టే ఉండిపోతుంది, ఎండకి పెళుసవుతుంది. మిగిలింది పాలిస్టర్ పట్టీ. లారీ వాళ్లు లోడ్ బెల్టు అని తీసుకెళ్లేది అదే. సరుకు మీద బిగించింది గతుకుల్లో వదులైతే లారీ వాళ్లు ఊరుకోరు కదా.

చూడటానికి నైలాన్, పాలిస్టర్ ఒకేలా ఉంటాయి. ఒక కొస కాలి కింద తొక్కి, రెండో కొస గట్టిగా పైకి గుంజి చూడాలి. నైలాన్ కాస్త వచ్చి మళ్లీ వెనక్కి పోతుంది. పాలిస్టర్ మొండిగా ఉంటుంది. రెండూ బకెట్లో నానేసి మళ్లీ గుంజితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మార్తమ్మ చేతే గుంజించాను. ఆమె నైలాన్ గుంజింది, పాలిస్టర్ గుంజింది, మళ్లీ నైలాన్ గుంజింది.

“ఇది రావట్లేదు మామ్మగారూ.”

“రాదు. అందుకే ఇది తీసుకో. రెండు వేళ్ల వెడల్పున్నది తీసుకో, చెట్టు కోసుకుపోదు.”

“లారీ బెల్టు మీద మనిషి పడుకుంటాడాండీ?”

“మనిషి గుడ్డ మీద పడుకుంటాడు. బెల్టు చెట్టుకి. నీ మొగుడు లారీ సరుకు కంటే బరువా?”

ఏసోబు నవ్వబోయి, భార్య ముఖం చూసి మానేశాడు.

కట్టడం కూడా మార్పించాను. బిర్రుగా బిగించి కడితే పట్టీ మీద లాగుడు మనిషి బరువు కంటే ఎక్కువ పడుతుంది, పట్టీ వేలెడు సాగినా నడుము బెత్తెడు దిగుతుంది. చెట్టుకి తల ఎత్తు కంటే పైన కట్టాలి, గుడ్డ కొంచెం వేలాడేలా వదలాలి. మొదట ఎక్కి కూర్చుని, కాసేపు ఊగి, దిగి, ముడులు సర్దుకున్న చోట మళ్లీ బిగించాలి. ఇదంతా అతని చేత రెండుసార్లు చేయించాను. తర్వాత బిందెడు నీళ్లు నేనే పట్టీల మీద గుమ్మరించాను. పడుకోమన్నాను. పీటకి ఎంత ఎత్తున ఆగాడో అంత ఎత్తునే ఉన్నాడు. మార్తమ్మ సందులో చెయ్యి పెట్టి తీసి, పెట్టి తీసి చూసింది.

“ఇక్కడ సరేనండి. రాత్రంతా ఉంటేనే నమ్ముతాను. పొద్దున్నే తోటకొచ్చి చూస్తాను. తగిలిందా, అటు నుంచి అటే ఆసామి దగ్గరికెళ్లి మావల్ల కాదని చెప్పేస్తాను.”

“నేనూ వస్తాను,” అన్నాను.

పాత నైలాన్ పట్టీ మాత్రం పారేయొద్దని చెప్పి వాళ్ల సంచిలోనే పెట్టాను. మామిడి ట్రేలు బండి వెనక కట్టుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. సరుకులో చెడ్డది లేదు, పెట్టిన చోటే తప్పు. అప్పట్నుంచీ పట్టీ కావాలని ఎవరొచ్చినా, ఎంత గట్టిది కావాలని నేను ముందు అడగను. దేనికి కడతావు, తడుస్తుందా, బరువు ఎంతసేపు వేలాడుతుంది అని అడుగుతాను. తెగకపోవడం ఒక గుణం, సాగకపోవడం ఇంకో గుణం. కొనేవాళ్లు మొదటిదే అడుగుతారు. రెండోది అమ్మేవాళ్లే గుర్తు చేయాలి.

మర్నాడు తెల్లవారుతూనే నేను తయారయ్యాను. “ఈ వయసులో తోటకెందుకత్తయ్యా, ఫోన్ చేస్తే చెప్పరూ?” అంది మా కోడలు. ఫోన్లో పట్టీ కనపడదన్నాను. మొదటి షేర్ ఆటో ఎక్కి తోట దగ్గర దిగాను. మార్తమ్మ నా కంటే ముందే వచ్చి చెట్టు కింద నిలబడి ఉంది. ఉయ్యాల పట్టీలు తడిగానే ఉన్నాయి. ఏసోబు లోపల ముడుచుకుని నిద్రపోతున్నాడు.

మార్తమ్మ కాయలు నింపే ఖాళీ ట్రే ఒకటి తెచ్చి, నిలువుగా పెట్టి, మొగుడి నడుము కింద నేల మీద ఈ పక్క నుంచి తోసింది. ట్రే ఎక్కడా తగలకుండా ఆ పక్కకి పోయింది. అటు వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ ఇటు తోసింది. పోయింది.

“లే. ఆసామికి ఫోన్ చెయ్యి, వస్తున్నామని చెప్పు,” అంది.

ఏసోబు లేచి ఫోన్ చేశాడు. పట్టీలు విప్పి, దులిపి, చుట్ట చుట్టి సంచిలో పెట్టాడు. బండి తీశాడు. మార్తమ్మ ఆ సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది, ఇద్దరూ రెండో తోటకి వెళ్లారు.