బసవరాజు గారి రూపాయి బిళ్ళ

మా నాచారంలో బసవరాజు గారు తట్టి చూడని వస్తువు లేదు. జేబులోంచి పాత రూపాయి బిళ్ళ తీస్తారు, టకటకా కొడతారు, కుడిచెవి ఆనించి కళ్ళు మూసుకుంటారు, తీర్పు చెబుతారు. తీర్పులు రెండే. "గట్టిదే", లేకపోతే "లోపల డొల్ల".

ఇది ఊరికే పట్టిన పిచ్చి కాదు. కుర్రతనంలో డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్ళి, ఎడమచెవిని ఓ ఫిరంగి గుండుకి సమర్పించుకుని వచ్చారు. తర్వాత ఇంజనీరింగ్ చదివి, రిటైరయ్యేదాకా హెలికాప్టర్ రెక్కలతోనే కాపురం చేశారు. రెక్కలో అతికించిన పొరలు ఎక్కడైనా విడిపోతే, నాణెంతో తట్టినప్పుడు మోత మొద్దుగా వస్తుందట. రిటైరయ్యాక రెక్కలు దొరక్క మా మీద పడ్డారు.

పుచ్చకాయల బండివాడు ఆయన్ని చూస్తే రామంతాపూర్ దాకా బండి తోసుకుని పారిపోయేవాడు. చాలా ఏళ్ళ కిందట మా అమ్మాయి ఉదయశ్రీ పెళ్ళిచూపులకి పెద్దమనిషిగా ఉంటారని పిలిచాను. ఆయన తిన్నగా పెళ్ళికొడుకు వాళ్ళ కారు దగ్గరికి వెళ్ళి తలుపు తట్టారు.

"డొల్ల. సొట్టకి పుట్టీ పెట్టి రంగేశారు."

"కొత్త కారండీ!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"మీకు కొత్త."

ఆ సంబంధం ఆ కారెక్కే వెళ్ళిపోయింది. నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు. మామూలుగానే వెనక నుంచి పిలిస్తే పలకని మనిషి. మిలిటరీ బిగువు అనుకునేవాళ్ళం.

కిందటేడు మా సందులో ఉండే షేర్ ఆటో ఉప్పలయ్య బండి తిరగబడి కాలు విరిగింది. పిండికట్టు వేసుకుని ఇంటికి వచ్చాడో లేదో, బసవరాజు గారు బిళ్ళతో హాజరు.

"జర ఆగున్రి సారూ! అది కాలు, ఇమానం గాదు!"

"పైన పొర ఉంది కదయ్యా. పొర ఉంటే తట్టాల్సిందే."

కట్టు విప్పాక అసలు చిక్కు వచ్చింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఇక ఆటో మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఉప్పలయ్య మంచం దిగడు. "అడుగేస్తే మల్ల ఇరుగుతది" అంటాడు. అతని భార్య సంతోషి మా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "కాలు గిట్లనే మొద్దువారితే బండెవలు నడుపుతరన్నా? మేమెట్ల బతకాలె?" అందరం వెళ్ళి హితబోధ చేశాం. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు నిజంగా భయమేసింది.

మర్నాడు బసవరాజు గారు వెళ్ళి మోకాలి మీద బిళ్ళతో తట్టారు. చెవి ఆనించారు. మొహం చిట్లించారు.

"ఏంది సారూ? డొల్లనా?" ఉప్పలయ్య లేచి కూర్చున్నాడు.

"ఏమో. టీవీ గోలలో తెలియట్లేదు. గుమ్మంలోకి రా."

గోడ పట్టుకుని వచ్చాడు పాపం. "ఇక్కడ మిక్సీ మోత. రేపు గేటు దగ్గర చూద్దాం." గేటు దగ్గర కుక్కలు. సందు మొగలో వెల్డింగు షాపు. మెయిన్ రోడ్డు మీద సరేసరి. నాచారంలో నిశ్శబ్దం కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? దాన్ని వెతుక్కుంటూ కర్ర పట్టుకుని ఒకడు, బిళ్ళ పట్టుకుని ఒకరు, రోజూ కొట్లాడుకుంటూ నడిచేవారు.

"గట్టిదో డొల్లదో ఒక్క మాట జెప్పున్రి సారూ, పానం బోతుంది!"

"వినపడందే ఎలా చెప్పనయ్యా?"

చివరికి ఒకనాడు చెరువుకట్ట మీద, కర్ర కూడా లేకుండా నడిచివచ్చిన ఆ కాలిని తట్టి, "గట్టిదే" అన్నారు. ఆ వారమే ఆటో కదిలింది.

నేను ఉండబట్టలేక ఆయన భార్య తారామణి గారితో అన్నాను. "ఎంత గొప్ప చెవండీ మీ వారిది!"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏ చెవి అన్నయ్యగారూ? ఆ రెండోది కూడా పోయి ఏళ్ళయింది. ఎదురుగా నిలబడితే పెదవులు చూసి జవాబు చెబుతారు. బిళ్ళ మోత కాదుకదా, బ్యాండు మేళం వాయించినా తెలీదు."

"మరి ఆ టీవీ గోల, కుక్కల గోల?"

"రోజుకెంత నడవొచ్చో డాక్టర్ని అడిగి వచ్చారు. అంత దూరంలో ఏ గోల ఉంటే ఆ గోల."

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఉప్పలయ్యకి చెప్పేశాను. కోపగించుకుంటాడనుకున్నాను. కాసేపు తల గోక్కుని, "గిదా కథ!" అని ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే బసవరాజు గారి గేటు ముందు ఆటో ఆగింది. ఇంజను ఆపాడు. సందంతా ఇంకా నిద్రలోనే ఉంది. ఉప్పలయ్య కాలు బయటికి చాపాడు.

"సారూ, మల్ల ఏదో మోతొస్తుంది. జర సూడున్రి."

ఆయన బిళ్ళ తీసి తట్టారు. కుడిచెవి ఆనించి, కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"అబ్బే, ఇక్కడ ఒకటే గోల. ఉప్పల్ దాకా పోయి చూద్దాం పద."

ఎక్కుతూ ఎక్కుతూ బండి రేకు మీద కూడా ఓ దెబ్బ వేసి, "లోపల డొల్ల" అన్నారు.

ఉప్పలయ్య పూర్తిగా వెనక్కి తిరిగాడు. పెదవులు బాగా కనిపించేలా, ఒక్కొక్క మాటే విడమరిచి అన్నాడు.

"గట్లనే సారూ. పోదాం."