చివరిసారి ఎప్పుడు వెనక్కి తిరిగారు?

మా అమ్మాయికి పదకొండేళ్లు. టైప్ వన్ మధుమేహం ఉంది. ఇన్సులిన్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. చల్లని సంచిలో పెట్టుకుని ఏ ఖండానికైనా తీసుకుపోవచ్చు. నా భయమంతా వాంతులు. వాంతులు మొదలై చక్కెర అదుపు తప్పితే కొద్ది గంటల్లో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాలి. కిందటేడు ఒకసారి, మేముండే ఈ అరబ్బు దేశంలో, అల్ వుకైర్‌లోని మా ఇంటి నుంచి పావుగంటలో చేరాం కాబట్టి గండం గడిచింది. దారిలో సగం రోజు ఆగిపోయి ఉంటే ఏమయ్యేదని డాక్టరును అడిగాను. ఆయన కేసు షీటు తిరగేశారు.

అందుకే కెన్యాలో ఆందోళనల వార్తలు వచ్చినప్పుడు నేను అడిగిన ప్రశ్నలు మిగతావాళ్లు అడిగినవి కావు. గ్నూలనే అడవి పశువుల మందలు నది దాటడం చూడాలని మా అమ్మాయి రెండేళ్లుగా అంటోంది. వేసవి సెలవులకు మేమూ, పక్కింటి కుటుంబమూ కలిసి వెళ్లాలనుకున్నాం. బయానా ఇంకా ఇవ్వలేదు.

అల్ మన్సూరాలోని ట్రావెల్ ఏజెంటు హైదరాబాదు మనిషి. "పక్కా సేఫ్ మేడమ్. లొల్లి సిటీల ఉంది, జంతువులు అడవిల ఉన్నయి. వాటికి రాజకీయం ఏం తెలుస్తది?" అన్నాడు. పక్కింటాయన నవ్వాడు. నేను తాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను; నీళ్లు తేటగా ఉన్నాయంటే నమ్మే ఉద్యోగం కాదు నాది. ఆ రోజు ఉదయమే తీసిందంటూ ఏజెంటు ఒక వీడియో పంపాడు. జీపు అద్దం మీద పగులు, దాని ముందునుంచి ఎగిరిన కొంగ. రెండేళ్ల కిందట అతను పెట్టిన మరో వీడియోలోనూ అదే పగులు, అదే కొంగ.

"ఏజెంటు మాట వదిలేయండి అక్కా," అన్నాడు పక్కింటాయన. "నేను అయిదుగుర్ని అడిగాను. అయిదుగురూ పర్లేదన్నారు."

ఆ అయిదుగురికీ ఫోన్ చేసి, మీకెవరు చెప్పారని అడిగాను. అందరూ విన్నది ఏజెంటు పంపిన ఒకే వాయిస్ మెసేజ్.

"అయితే చెప్పింది అయిదుగురు కాదు, ఒక్కడే," అన్నాను.

"మీతో వేగడం కష్టం అక్కా. పెళ్లిచూపుల్లో బావగారి రక్తం కూడా పరీక్ష చేయించారా ఏంటి?"

"చేయించింది. రిపోర్టు ఇంకా రాలేదు," అన్నారు మావారు.

ఆయన నవ్వుతూనే నాకేసి తిరిగారు. "సరే, అక్కడ రాళ్లు, టైర్లు. మరి ఆమధ్య మన డాబా మీంచి ఆకాశంలో చూసిన క్షిపణుల మాటేమిటి? ఆ పూట ఇక్కడ విమానాలే ఆగిపోయాయి. ఈ ఊరంత క్షేమమైన ఊరు లేదని అంతకు ముందు రోజే అన్నావు నువ్వు."

అన్నాను. ఏ ఆధారంతో అన్నానో ఆ సాయంత్రమంతా వెతుక్కున్నాను. దొరకలేదు. క్షేమమేనా అని అడిగితే ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. తప్పని తేలే అవకాశమే లేని పరీక్షను మా ప్రయోగశాలలో పరీక్షగా లెక్కించం. నాకు కావలసింది ఒక తేదీ జవాబుగా వచ్చే ప్రశ్న.

ఏజెంటు పంపే డ్రైవరుకు ఫోన్ చేశాను. దారిలో అడ్డంకి వచ్చి చివరిసారి ఎప్పుడు వెనక్కి తిరిగారు అని అడిగాను. "నేనా? ఎన్నడూ తిరగలేదు," అన్నాడు, ప్రశ్న పూర్తికాకముందే.

మా కాంపౌండు కాపలాదారు కెన్యా అతనే. అతని అన్న అదే దారిలో సఫారీ బండి నడుపుతాడు. ఆ అన్నకూ ఫోన్ చేసి అదే అడిగాను. "మంగళవారం," అన్నాడు. "వంతెన దగ్గర టైర్లు కాలుతున్నాయి. బండి వెనక్కి తిప్పి, అతిథుల్ని ఒక బడిలో కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఆగాను."

మా అమ్మాయి సంగతి చెప్పాను.

"అయితే ఈ నెల రావద్దమ్మా. మీరొస్తే నాకు పని దొరుకుతుంది. అయినా వద్దు."

తనకు నష్టం కలిగించే మాట చెప్పేవాడికి అబద్ధమాడే కారణం తక్కువ. అయినా ఒక్క మనిషి, ఒక్క దారి అని కూడా కాగితం మీద రాసుకున్నాను.

మూడో ఫోను జాంబియాకు, అక్కడా సఫారీలు ఉంటాయని తెలిసి. అదే ప్రశ్నకు అక్కడి గైడు, "వానాకాలంలో, వాగు పొంగి," అన్నాడు. మనుషుల వల్ల? తొమ్మిదేళ్లలో లేదట. అతనితో సంబంధం లేని మరో ఇద్దర్ని అడిగి సరిచూసుకున్నాను. లాడ్జి నుంచి డాక్టరున్న చోటికి రోజూ నడిపే వేగంతోనే ఒకసారి వెళ్లి, పట్టిన సమయం చెప్పమన్నాను. ఇలాంటి పని ఎవరూ అడగలేదని నవ్వాడు కానీ వెళ్లాడు. ఇరవై ఆరు నిమిషాలు.

కెన్యా కాదు, జాంబియా వెళ్తున్నామని అమ్మాయికి చెప్పడం మిగిలింది.

"అక్కడ గ్నూలు నది దాటుతాయా?"

"లేదు. ఏనుగులు దాటవచ్చు. అదీ ఖాయం కాదు."

"పక్కింటి మావయ్య వాళ్లు కెన్యానే వెళ్తున్నారుగా?"

"వెళ్తున్నారు."

"అంటే మనం మార్చుకున్నది నా వల్లే."

కాదనడానికి నోరు తెరిచాను. ఎవరు ఏమన్నా ఆధారం అడిగే నేను, ఆ మాటలో తప్పు వెతికాను. కనిపించలేదు.

"అవును," అన్నాను. ఆమె పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. వారం రోజులు ప్రయాణం ఊసెత్తలేదు.

రెండు కుటుంబాలమూ సెలవులు ముగించుకుని ఒకే వారంలో తిరిగొచ్చాం. పక్కింటాయన ఫొటోలు చూపించడానికి వచ్చాడు. "చూశారా అక్కా, ఏమీ కాలేదు. ఊరికే భయపడ్డారు." ఒక కుటుంబం క్షేమంగా తిరిగిరావడం దేన్నీ రుజువు చేయదని నాకు తెలుసు. మాకేమీ కాకపోవడం కూడా అంతే.

మా అమ్మాయి అతని ఫోను తీసుకుని ఒక్కొక్క ఫొటోనే జరుపుతోంది. నురగలో దూకుతున్న మందల దగ్గర చాలాసేపు ఆగింది. మళ్లీ జరిపింది.

"మావయ్యా, మూడో రోజూ, నాలుగో రోజూ ఒక్క ఫొటో కూడా లేదేం?"

"ఆ రెండ్రోజులా? రోడ్డు మూసేశారమ్మా. ఎటూ కదల్లేదు. లాడ్జిలో కూర్చుని పేకాడుకున్నాం, భలే గడిచిందిలే."

మావారు నావైపు చూశారు. నేను అమ్మాయినే చూస్తున్నాను.

"మాకు రోజూ రోడ్డు ఉంది," అంది ఆమె, చక్కెర మీటరులో అంకె చదివినట్టు. తర్వాత వెనక్కి జరిపి, నది దాటుతున్న ఆ ఒక్క ఫొటో తనకు పంపమని అడిగింది.