ముక్కు మూసుకున్నందుకు వచ్చిన మెప్పు

నా చిన్నప్పుడు మా బోయిగూడ సందులోకి ఏ కబురైనా ముందు పక్కింటి అక్క నోటి నుంచే వచ్చేది. శ్రీరామనవమి రెండు రోజులుందనగా ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, నేరేడ్‌మెట్ అవతల ఒకామె విలాయతి పూలు పూయించిందట! ఉల్లిగడ్డ లెక్క గడ్డ పాతిపెడితే, ఆకు రాకముందే పువ్వొస్తదట. గింత పెద్దగ, ఎర్రగ!" అని దోసిలి పట్టి చూపించింది.

పెద్దమ్మ అంటే మా నాన్నగారి అన్నగారి భార్య. సందులో అందరికీ ఆమె పెద్దమ్మే. ఆడపిల్లను బడికి పంపే అలవాటు మా ఇంట్లో లేదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ, నాలుగు లెక్కలూ, పొద్దున్నే చదువుకునే స్తోత్రాలూ ఆమె ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నవే. ఏటా నవమినాడు మా సందు చివరి చిన్న గుడిలో సీతారాముల కల్యాణానికి దండలు కట్టేది కూడా ఆమే. అందుకే ఆ ఎర్ర పూల మాట విన్నాక ఆగలేకపోయింది. మర్నాడు భోజనాలు కాగానే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఆ తోట నిజానికి తోట అనేంత పెద్దది కాదు. మా సందంత పొడుగు, రెండు గదులంత వెడల్పు. తోటామె భర్త ఒకప్పుడు కంటోన్మెంటు బంగళాలో తోటమాలిగా ఉండేవాడట. ఆ బంగళా దొరసాని ఊరు విడిచి వెళ్తూ గోనెసంచి నిండా లిల్లీ గడ్డలు ఇచ్చి వెళ్ళిందట. భర్త పోయాక ఆమే వాటిని ఏటేటా విడదీసి నాటుతూ వచ్చింది. అప్పటికి అవి వరుసలు వరుసలుగా పూసి ఉన్నాయి. అంత ఎరుపును నేనంతకుముందు ఒక్కచోట చూడలేదు.

కానీ నేను పూలను చూసింది ఎంతసేపు! పూలకంటే ముందు కంపు వచ్చి ముఖానికి తగిలింది. వరుసల చివర సిమెంటు తొట్టి ఒకటుంది. అందులో పేడ, నూనె తీసిన పల్లి చెక్క, మోండా మార్కెట్లో పారేసిన కుళ్ళిన కూరగాయలు వేసి నీళ్ళు పోసి పది పదిహేను రోజులు మురగబెడతారు. పైన గోధుమరంగు నురగ కట్టి ఉంది. నురగ మీద తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. తోటామె చేతిని సంక దాకా అందులో ముంచి కలుపుతోంది. కర్రతో అయితే అడుగున ఉండ కట్టింది తెలియదట. ఆ చెయ్యి బయటికి తీసినప్పుడు మోచేతి నుంచి జారిన జిగురు తాడులా సాగింది. రెండు చేతులతో ముక్కు మూసుకుని పూల మధ్య నిలబడిపోయాను.

తోటామె చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను అలాగే చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"అయ్యో నా తల్లి! దేవుని పూల వాసన ముందుగాల తను పీల్చొద్దని ముక్కు మూసుకున్నది. చూడమ్మా, గీ పువ్వుకు అసలు వాసనే లేదు. అయినా గింత పట్టుదల! ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

దేవుడికి పెట్టే పువ్వును మనం ముందు వాసన చూడకూడదని పెద్దమ్మ నాకు నేర్పిన మాట నిజమే. ఆ మాట ఆ క్షణంలో నాకు భలే అక్కరకొచ్చింది. ముక్కు వదలకుండానే పెద్దమ్మ వైపు చూపించాను. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసింది. తెచ్చిన బుట్ట తోటామెకు అందించింది.

తోటామె మాకు బుట్టెడు పూలు కోసి ఇచ్చింది. ఆ తర్వాత వరుసల మధ్యకి వెళ్ళి, అన్నిటికంటే పెద్దవి ఐదు ఏరి తెచ్చింది. అరటాకులో చుట్టి, పైన తడి గోనెపట్టా కట్టి, బుట్టలో వేయకుండా నా చేతికే ఇచ్చింది.

"నా బిడ్డ కాన్పుకొచ్చింది తల్లీ. ఇంతకుముందు రెండుసార్లు పిల్ల చేతికి దక్కలే. ఇవి నీ చేత్తోనే సీతమ్మ పాదాల కాడ పెట్టు. నా బిడ్డ పేరు చెప్పు. నా చేతులు చూస్తివి గద, గిట్లుంటయ్. నీ అసొంటి పిల్ల అడిగితే ఆ తల్లి ఇంటది."

కూతురి పేరు నాతో మూడుసార్లు చెప్పించుకుంది. చెప్పాను. తల కూడా ఊపాను.

బస్సులో ఆ మూటను ఒళ్ళో పెట్టుకున్నాను. గోనెపట్టా ఆ తొట్టి పక్కనే ఆరేసినదేమో, అదే కంపు. గోధుమరంగు నీళ్ళు కారి లంగాకు అంటుకుని తొడ చల్లగా, జిగటగా అయింది. మూటను కొంచెం దూరంగా పట్టుకున్నాను. అప్పుడు మడతలోంచి తెల్లటి పురుగు ఒకటి బయటికి వచ్చి నా మణికట్టు మీదికి పాకింది. మెత్తగా, తడిగా ఉంది. పెద్దమ్మ ముందు సీట్లో బుట్ట పట్టుకుని అటు తిరిగి ఉంది. బస్సు మోరీ, అంటే మురికికాలువ, పక్కగా మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి మూటను వదిలేశాను. నల్లటి నీళ్ళలో అది పడడం కూడా చూశాను. అబ్బా, ఎంత హాయిగా అనిపించిందో! ఈ వయసులో అది రాయడానికే నాకు వెగటుగా ఉంది.

ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. పెద్దమ్మ పెరట్లోకి వచ్చి, "ఆ ఐదు పూలేవి?" అంది.

"బస్సుల పోయినయ్."

ఎర్రగా కందిన నా చేతుల వంక చూసి, "పోయినయా, పారేసినవా?" అంది.

చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వచ్చి బావి గట్టు మీద కూర్చుంది.

"కంపుకు ముక్కు మూసుకున్నవని నాకు కోపం లేదు బిడ్డా. ఎవరైనా మూసుకుంటరు. గామె దాన్ని భక్తి అంటుంటే ఊకున్నవ్ చూడు, గది నాకు రోత. నేను సుత ఊకున్న. పిల్లను మంచిగ పెంచిన అంటే నా మనసుకు సుత తియ్యగనే ఉండె. ఇద్దరం కలిసి ఒక ముసలామెను మోసం చేసినం. పొద్దుగాల్నే పోయి చెప్పాలె. నువ్వే చెప్పాలె."

నవమి పొద్దున మొదటి బస్సుకే మళ్ళీ వెళ్ళాం. తోటామె తొట్టి దగ్గరే ఉంది, చెయ్యి అందులోనే ఉంది. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచి, "పెట్టినవా తల్లీ? పేరు చెప్పినవా?" అంది. కల్యాణం ఇంకా కాలేదన్న సంగతి కూడా ఆ ఆత్రంలో ఆమెకు గుర్తు లేదు.

పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ సాయం రాలేదు. చివరికి నేల చూస్తూ చెప్పాను. నిన్న నేను ముక్కు మూసుకున్నది భక్తితో కాదు, కంపుకని. మీరిచ్చిన పూలు మోరీలో పారేశానని.

తలెత్తేసరికి ఆమె నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు తెలిసిన చూపే. ముందురోజు ఆ తొట్టిని, ఆ నురగను, ఆ పురుగులను నేను చూసిన చూపు. అచ్చం అలాగే, పెదవి కొంచెం వంకరపోయి, ఒక అడుగు వెనక్కి వేసి, ఆమె నన్ను చూసింది.

"అంటే నా బిడ్డ పేరు గూడ మోరీల పడేసినవా?"

అంతే అడిగింది. నన్ను తిట్టలేదు. పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపి, చేతులు కడుక్కుని, వరుసల్లోకి వెళ్ళి ఐదు పూలు కోసింది. తెచ్చి పెద్దమ్మకు ఇస్తూ, "గీ పోరి చేతికియ్యకు" అంది.

పెద్దమ్మ తీసుకోలేదు. "నీ చేతుల్నే ఉండని. మా వెంట రా అక్కా. నువ్వే పెడుదువు."

"నేనా? గీ కంపుతోనా? గుళ్ళె అందరు పరేషాన్ కారూ?"

"అయితే కానీ. నీ పక్కన నేనుంట."

ఆమె వచ్చింది. బస్సులో మా చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని జరిగిపోయారు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. కంపు నిన్నటి కంపే. ముక్కు మూసుకోవాలని మళ్ళీ అలాగే అనిపించింది. పశ్చాత్తాపం వల్ల అది సువాసనైపోయిందని రాస్తే మళ్ళీ అబద్ధం రాసినట్టే. చేతులు మాత్రం ఒళ్ళోంచి ఎత్తలేదు. ఆమె దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

మా గుడిలోనూ కొందరు గొణిగారు. పెద్దమ్మ సగం కట్టిన దండ పక్కనపెట్టి ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళింది. పూజారిగారు పళ్ళెం చాపారు. తోటామె ఐదు పూలూ అందులో పెట్టి, కళ్ళు మూసుకుని కూతురి పేరు చెప్పింది. మూడుసార్లు చెప్పింది. నేను స్తంభం పక్క నుంచి విన్నాను. నాకు ఇచ్చిన పేరు, నేను పోగొట్టిన పేరు అది. ఆ నెల తిరక్కుండానే ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా క్షేమమనీ పక్కింటి అక్కే వచ్చి చెప్పింది. తోటామె మాకు కబురు పంపలేదు. ఎందుకు పంపుతుంది?

మొన్న మా మనవరాలు చలికాలం చివర ఏదో కొండల ఊరికి వెళ్ళి తులిప్ తోట చూసి వచ్చింది. ఫోన్‌లో బొమ్మలన్నీ చూపించింది. ఎరుపు, పసుపు, ఊదా, బారులు బారులుగా. "ఎరువు ఏం వేస్తారో అడిగావా?" అన్నాను. అది నవ్వి, "నానమ్మా, ఎవరైనా అది అడుగుతారా!" అంది. నేను అడుగుతాను. ఏ పువ్వును చూసినా నాకు ముందు ఆ మనిషి చెయ్యే కనిపిస్తుంది.

నన్ను భక్తురాలు అంటారు చాలామంది. అన్నప్పుడల్లా నా మీద నాకు కొంచెం రోత కలుగుతుంది. అది భగవంతుడు నాకు చేసిన మేలే అనుకుంటాను. ఎవరైనా నాలో లేనిదాన్ని మెచ్చుకుంటే ఇప్పుడు వెంటనే కాదని చెప్పేస్తాను, వాళ్ళు చిన్నబుచ్చుకున్నా సరే. ఆ ఉదయం నన్ను అలా చూసినందుకు ఆ తల్లికి రోజూ పొద్దున్నే ఒక దండం పెట్టుకుంటాను. ఆ చూపే లేకపోతే నేను జీవితమంతా ముక్కు మూసుకుని మెప్పులు పోగేసుకుంటూ బతికేసేదాన్ని.

ఇది చదివినవారికి నాదొక విన్నపం. రేపు మీరు దేవుడి ముందు పువ్వు పెట్టేటప్పుడు, నేరేడ్‌మెట్ అవతల సంక దాకా చెయ్యి ముంచి ఎరువు కలిపిన ఆ తోటామెను ఒక్కసారి తలుచుకోండి.