వాల్వు దగ్గర తొందరమ్మ

ఆ మందుల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ తొందరమ్మ అనేవారు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే జవాబు చెప్పేసే మనిషి. అలాంటావిణ్ణి తీసుకెళ్ళి ఫ్యాక్టరీ మొత్తంలో నిదానమైన పనిలో పెట్టారు. ప్రోటీను మడతపడే ట్యాంకు దగ్గర.

మడతపెట్టేది నీళ్ళే. యూరియా ద్రావణంలో ప్రోటీను విప్పిన దారంలా ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్ళలోకి సన్నటి ధారగా వదలాలి. ఆ దారంలోని అమైనో ఆమ్లాల్లో కొన్నిటికి నీళ్ళంటే ఇష్టం, కొన్నిటికి గిట్టదు. గిట్టనివి లోపలికి దూరి దాక్కుంటాయి, ఇష్టమున్నవి పైన నిలబడతాయి. దారం అలా ముడుచుకుంటేనే మందుగా పనికొస్తుంది. గబగబా పోస్తే మాత్రం, గిట్టనివన్నీ పక్క దారాలను కరుచుకుని విరిగిన పాలలా ముద్దకడతాయి.

ఆ మధ్యాహ్నం పంపు చెడి ధార ఉన్నట్టుండి లావెక్కింది. ట్యాంకు అద్దంలో తెల్లటి తెర తొందరమ్మ కంటబడింది. పంపు ఆపేసి మేనేజరును పిలిచింది.

"రేపు బాగుచేయించి వదిలితే?" అంది.

"ఆ ద్రావణం అంతసేపు నిలవుండదమ్మా, పాడైపోతుంది."

"అయితే చేత్తో వదులుతా సార్."

"చెయ్యి కాస్త ఎక్కువ తిరిగిందా, మొత్తం మట్టిపాలే!"

"తెలుసు సార్. భయంగానే ఉంది."

వాల్వు పట్టుకుని నిలబడింది. కాసేపటికి భుజం లాగేసింది. ఇంకొంచెం తిప్పితే త్వరగా అయిపోతుందని ఒళ్ళంతా పోరుపెట్టింది. అద్దంలోని తెర పెరుగుతోందో, తన కళ్ళే మసకబారుతున్నాయో తెలియలేదు. మొగుడు ఫోన్ చేస్తే మేనేజరు దాన్ని ఆవిడ చెవి దగ్గర పెట్టాడు.

"ఇంకా రాలేదేమే?"

"మాట్లాడించకండి. నిదానంగా పోస్తున్నా."

"నువ్వా? నిదానంగానా?" ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వితే చెయ్యి కదులుతుంది.

పొద్దు వాలేసరికి ఆఖరి బొట్టు దిగింది. తెల్లటి ముద్ద ట్యాంకు అడుక్కి చేరింది, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. మేనేజరు నమూనా తీసుకుని పరీక్ష గదికి పరుగెత్తాడు. ఆవిడ గోడకు చేరగిలబడి కూర్చుంది. కాసేపటికి ఆయన తిరిగొచ్చాడు.

"కొంత పోయిందమ్మా. మిగతాదంతా సరిగ్గానే మడతపడింది."

తొందరమ్మ భోరుమంది. ఎందుకేడుస్తోందో ఆవిడకే తెలియలేదు. కొంకర్లు పోయిన వేళ్ళు ఇంకా వాల్వు పట్టుకున్నట్టే వంకరగా ఉన్నాయి. గేటు దగ్గర మొగుడు ఆ చేతిని చూసి, ఆవిడ భుజానున్న సంచీ తను తీసుకున్నాడు.