పెదబాబు గారి దగ్గు

ఇప్పటికీ ఏ లాడ్జి గదిలో అడుగుపెట్టినా, ఫినాయిలు వాసన తగలగానే నా చెయ్యి తలుపు గడియ మీదికి పోతుంది, బయటినుంచి పెట్టేశారేమోనని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎంపీటీసీగా గెలిచిన మా అమ్మనూ, మరో ఆరుగురు సభ్యులనూ, మండలాధ్యక్ష పదవికి నిలబడ్డ పెదబాబు గారు, అవతలివాళ్ళు ఎత్తుకుపోతారని భయపడి తానే ఎత్తుకుపోయి కొత్తపట్నంలో ఒక లాడ్జిలో పెట్టారు. దాన్ని క్యాంపు అంటారు. అమ్మను వదిలి ఉండనని ఏడ్చి నేనూ ఖైదీనయ్యాను. పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం రొయ్యల ఇగురు, సాయంత్రం బస్తాడు మిరపకాయ బజ్జీలు. నాలుగు రోజుల్లో మా ప్రజాప్రతినిధులు పత్తి కుక్కిన బోరేల్లా ఉబ్బారు. సముద్రం గోడ అవతలే హోరుమంటున్నా, తలుపు దగ్గర కూర్చున్న కాపలావాడి మీసం తప్ప నాకు ఒక్క అల కూడా కనిపించలేదు.

అమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. బయల్దేరేముందు పక్కింటి మీరాబీ పిన్ని వీధి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చి, "మంచినీళ్ళ చెరువు తవ్విస్తానన్నాడక్కా అవతలాయన. నీ చెయ్యి మా చెయ్యనుకో" అంది. చెరువు తవ్వాల్సిన పోరంబోకులో పెదబాబు గారు మిరప వేసుకున్నారు మరి.

మూడోరోజు ఆయన రిహార్సల్ పెట్టారు. "పేర్లు చదివేటప్పుడు గాబరా పడొద్దమ్మా. నా పేరు రాగానే దగ్గుతా, మీరు చెయ్యెత్తండి. అంతే." ఆయన దగ్గడం, ఏడు చేతులు లేవడం. బడి అలవాటుకొద్దీ నేనూ ఎత్తాను.

ఎన్నికనాడు వ్యానులోంచి నేరుగా మండలాఫీసులో దించారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. ఎదుటి కల్లాల్లో భూప్రపంచంలోని మిరపకాయలన్నీ ఎండుతున్నాయి. అధికారి ముందుగా అవతలాయన పేరు చదివాడు. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. ఆ ఘాటుకు పెదబాబు గారు జిల్లా దద్దరిల్లేలా దగ్గారు. మావాళ్ళలో మూడు చేతులు లేచాయి. పొరపాటు తెలిసి రెండు దిగిపోయాయి. అమ్మ చెయ్యి దిగలేదు. ఆ ఒక్క చేత్తోనే అవతలాయన గెలిచాడు.

"ఏందమ్మా ఇది?" అన్నారు పెదబాబు గారు కళ్ళు తుడుచుకుంటూ.

"మీరే దగ్గారుగా అండీ" అంది అమ్మ, పాలు తాగే పసిపిల్లలా.

చెరువు వచ్చింది. పాతికేళ్ళు ఊరంతా తాగాం. పోయినేడు దాన్ని పూడ్చి షాపులు కట్టాలని తీర్మానం అయిపోయిందట. లారీలు మట్టి పోస్తుంటే అమ్మ గట్టు మీద నిలబడి, "ఎవరూ వెళ్ళి అడగలేదా మీరు?" అంది.

"ఎవర్నడగాలక్కా," అంది మీరాబీ పిన్ని. "అప్పుడంటే మీ ఇంటికొచ్చాం. ఇప్పుడు గెలిచినాయన ఇల్లెక్కడో మాకు తెలీదు."